అమ్మక తప్పని రోజు
(డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి స్మారకోపన్యాసం పాఠం)



పట్టాభి గారి పేరుమీద మాట్లాడమంటే ఆయన రాజకీయ జీవితం గురించి చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్ఫై నాలుగేళ్లు కౌంటరుకు ఇవతల కూర్చుని డబ్బు దాచుకునేవాళ్లనూ, తీసుకుపోయేవాళ్లనూ చూసినవాణ్ణి. అందుకని నాకు బాగా దగ్గరైన పట్టాభి గారు, వైద్యవృత్తి వదిలి ఈ బందరులో బ్యాంకు పెట్టిన పట్టాభి గారే. 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న తలుపులు తెరిచిన ఆంధ్రా బ్యాంకు చెల్లింపు మూలధనం లక్ష రూపాయలు. రెండేళ్లకు, 1925లో, ఆయనే ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు. ఒకటి దాచుకోవడానికి, రెండోది ఆపద కాయడానికి. సంసారానికి ఆ రెండూ కావాలని ఆ డాక్టరు గారికి తెలుసు.

ఆ బ్యాంకుకు ఆరేళ్లు నిండేసరికి ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. 1929 తర్వాత నాలుగేళ్లలో డెల్టాలో వడ్ల ధర సుమారు సగానికి పడిపోయింది. బర్మా బియ్యం చౌకగా మద్రాసు రాష్ట్రపు బజార్లకు రావడం దానికి తోడైంది. శిస్తు మాత్రం రొక్కంగానే కట్టాలి, అదీ పాత లెక్క ప్రకారమే. ప్రోనోటు మీద అంకె కూడా అంతే, ధర పడిందని అది దిగదు. పది బస్తాలు అమ్మితే తీరే బాకీకి ఇరవై బస్తాలు కొలవాలి. కుప్ప నూర్చగానే శిస్తు వాయిదా మీదికొచ్చేది కాబట్టి ఊరు ఊరంతా ఒకేసారి అమ్మకానికి దిగేది, అందరూ దిగడంతో ధర ఇంకా పడేది. వడ్లు చాలని ఇళ్లలో బంగారం కదిలింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలాక ఈ దేశపు పల్లెల్లోని నగలు కరిగి ఓడలెక్కి పోయాయి. రంగూన్ రేవులో మూటలు మోసే మన తీరాంధ్ర కూలీల పని కూడా అప్పుడే చెడింది. 1930 మే నెలలో అక్కడ మనవాళ్ల మీద జరిగిన దాడులు చరిత్రకెక్కాయి. రంగూన్ మనియార్డరు మీద బతికే ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉండేవి. చివరికి 1938లో మద్రాసు ప్రభుత్వం రైతుల రుణభారం తగ్గించడానికి చట్టం తేవలసి వచ్చింది. అప్పటికే చాలా ఎకరాలు చేతులు మారిపోయాయి.

ఈ కథను నేను చరిత్ర పాఠంగా చెప్పడం లేదు. ఆ పదేళ్లలో ధర అందరికీ పడింది. పొలం పోయింది మాత్రం అందరిదీ కాదు. శిస్తుకు సరిపడా రొక్కం, ఏడాది తిండికి గింజలు ముందే పక్కన పెట్టుకోగలిగిన రైతు ధర పడిన సంవత్సరం అమ్మకుండా ఆగగలిగాడు. ఆగలేనివాడు అమ్మాడు. మాంద్యంలో సంసారాన్ని ముంచేది ధర పడటం కన్నా ముందు, ఆ రోజే అమ్మక తప్పని అవసరం. వందేళ్ల కిందటి వడ్లకు ఎంత వర్తించిందో ఇవాళ్టి ప్రావిడెంట్ ఫండుకూ, మ్యూచువల్ ఫండుకూ, ఇంటి స్థలానికీ, మెడలో గొలుసుకూ అంతే వర్తిస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

2008 నాటి సంగతి చెబుతాను. ఆ జనవరి 10న సెన్సెక్స్ 21,206 తాకింది. అదే సంవత్సరం అక్టోబరు 27న ఒక దశలో 7,700 కిందికి వచ్చింది. నేనప్పుడు ఒక పట్టణపు శాఖలో మేనేజరుని. ఒక ఇంజనీరు గారు అంతకు కొన్ని నెలల ముందే రిటైరై, చేతికొచ్చిన రిటైర్మెంటు డబ్బులో పన్నెండు లక్షలు షేర్ల ఫండులో పెట్టారు. అమ్మాయి పెళ్లి నవంబరులో. పెళ్లి ముహూర్తం బజారును చూసి ఆగదు కదా. పన్నెండు లక్షలకు చేతికి అయిదున్నర లక్షలు వచ్చే రోజున ఆయన అమ్మకం కాగితం మీద సంతకం పెట్టారు. చెయ్యి వణికి ఆ సంతకం ఫండు రికార్డులో ఉన్నదానితో కలవలేదు. మళ్లీ పెట్టమన్నాను. రెండోసారీ కలవలేదు. మూడోసారి కాగితాన్ని ఎడమచేత్తో గట్టిగా అదిమిపట్టి పెట్టారు. ఆయన ఫండు తప్పు కాదు. 2010 నవంబరుకు సెన్సెక్స్ మళ్లీ 21,000 దగ్గరికి వచ్చింది. అదే వీధిలో అదే ఫండు కొన్న ఆయన స్నేహితుడికి పెళ్లి ఖర్చు లేదు, పింఛను ఉంది, కదల్చలేదు, డబ్బు కళ్లజూశాడు. ఇద్దరి తెలివీ ఒకటే. ఒకరికి రెండేళ్లు ఆగే వీలుంది, ఒకరికి రెండు వారాలు కూడా లేదు. ఆ పన్నెండు లక్షలు తీసుకుంటున్నప్పుడు 'ఈ డబ్బు మీకెప్పుడు కావాలండీ' అని ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆయన్ని అడగవలసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

2020లోనూ అదే జరిగింది. మార్చి 23న ఒక్కరోజులో సెన్సెక్స్ 3,935 పాయింట్లు పడింది, నూటికి పదమూడు పైచిలుకు. నవంబరు నాటికి 44,000 దాటింది. ఇది విని, 'పడినా లేస్తుంది, ఊరికే కూర్చుంటే చాలు' అనుకునేవాళ్లున్నారు. అది అన్నిచోట్లా నిజం కాదు. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు చివర 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్ఫై నాలుగేళ్లు. అరవయ్యో ఏట కొన్నవాడు తొంభై నాలుగు దాకా ఎదురుచూడాలి. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. సగానికి పడిన డబ్బు మళ్లీ మొదటికి రావాలంటే రెట్టింపు కావాలి. పడిన సంవత్సరమే అందులోంచి ఇంటిఖర్చుకు తీసుకుంటూ పోతే, బజారు లేచినా లేవడానికి మన దగ్గర మిగిలేదేముంటుంది? షేర్లు వద్దనడం లేదు నేను. పదేళ్లు ముట్టుకోనవసరం లేని డబ్బే అక్కడ ఉండాలంటున్నాను.

మా అమ్మమ్మగారి ఇల్లు ఇక్కడికి పది మైళ్ల దూరం. ఆమెకు అక్షరం రాదు. వంటింటి పక్క గదిలో చిన్న గాదె, అందులో ఇంటి తిండికి దంచుకునే వడ్లు. పెరట్లో ఎంట్లు చుట్టి కట్టిన పురి, అది వచ్చే పంట దాకా. మూడోది అటక మీద, మూతికి గుడ్డకట్టి మట్టి మెత్తిన కుండలు, వేపాకు కలిపిన విత్తనపు వడ్లు. ఒక సంవత్సరం తుఫానుకు సార్వా పోయింది. గాదె అడుగంటింది. మేం పిల్లలం మధ్యాహ్నానికి జొన్నన్నం తిని, రాత్రికి గంజి తాగాం. అటక మీద కుండలు అలాగే ఉన్నాయి. 'వాటిలో ఉన్నాయిగా' అన్నాను నేను. ఆమె నన్ను తిట్టలేదు. నిచ్చెన తీసుకెళ్లి పక్కింట్లో పెట్టి వచ్చింది.

నేను బ్యాంకులో నేర్చుకున్న పద్ధతులన్నీ ఆ ఇంటి మూడు చోట్లలోనే ఉన్నాయి. రిటైరైన మనిషికి పింఛను పోగా నెలకు ఇంకా ఎంత కావాలో లెక్కవేసి, అలాంటి నెలలు పన్నెండో, పద్దెనిమిదో గడిచేంత డబ్బు సేవింగ్స్ ఖాతాలోనూ, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల చిన్న డిపాజిట్లలోనూ ఉండాలి. దీనిమీద వడ్డీ తక్కువ వస్తుందని బాధపడకూడదు, అది గాదె. తర్వాతి అయిదారేళ్ల ఖర్చు పోస్టాఫీసు, బ్యాంకు డిపాజిట్లలో ఉండాలి, అది పురి. ఆ పైన మిగిలితేనే పీపీఎఫ్ అయినా, షేర్ల ఫండయినా, పొలమైనా. అది విత్తనం. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇది తిరగబడుతుంది, వాళ్లకు విత్తనం ఎక్కువ, పురి తక్కువ. గాదె మాత్రం వాళ్లకూ ఆరునెలలదైనా ఉండాలి, ఎందుకంటే మాంద్యంలో ముందు పోయేది జీతం.

పురి గురించి కాస్త ఆగి చెప్పాలి. మన దేశంలో పెద్దవాళ్లలో ఎక్కువమంది డబ్బు షేర్లలో లేదు, డిపాజిట్లలో ఉంది. అందుకని వాళ్ల ఇంటికి మాంద్యం వచ్చినట్టు టీవీలో ఎవరూ చెప్పరు. వడ్డీ రేటు తగ్గిందని వార్త వస్తుంది, దాన్ని శుభవార్తగా చదువుతారు. అప్పు తీసుకునేవాడికి అది శుభవార్తే. 2020 ఏప్రిల్ 1వ తేదీ నాకు బాగా గుర్తు. పట్టాభి గారు పెట్టిన బ్యాంకు ఆ రోజున యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కరోనా వల్ల దేశమంతా తలుపులు మూసుకుని ఉంది. అదే రోజు నుంచి చిన్న పొదుపుల వడ్డీలు దిగాయి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము 8.6 శాతం నుంచి 7.4కు, పీపీఎఫ్ 7.9 నుంచి 7.1కి, నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ 7.9 నుంచి 6.8కి. సీనియర్ స్కీములో అప్పటి గరిష్ఠం పదిహేను లక్షలు పెట్టిన మనిషికి మార్చిలో చేరితే మూడు నెలలకు 32,250 రూపాయలు, ఏప్రిల్‌లో చేరితే 27,750. ఒక్క నెల తేడాకు అయిదేళ్ల పాటు మూడు నెలలకోసారి 4,500 రూపాయలు తక్కువ. ఆ సంవత్సరమే అక్టోబరులో ధరల పెరుగుదల ఏడున్నర శాతం దాటింది. వడ్డీ దిగింది, కందిపప్పు ఎక్కింది. రిటైరైనవాడి మాంద్యం అంటే ఇదీ.

ఆ రోజుల్లో ఒక తెలుగు మాస్టారు గారి సంచీ నన్ను ఆశ్చర్యపరిచింది. రిటైరై చాలా ఏళ్లైన మనిషి. పసుపు గుడ్డ సంచీలోంచి అయిదు డిపాజిట్ రసీదులు తీశారు, ఒక్కోటి మూడు లక్షలు. ప్రతి కవరు మీదా పెన్సిలుతో గడువు తీరే సంవత్సరం పెద్దగా రాసి ఉంది. 2020, 2021, 2022, 2023, 2024. ఏటా ఒకటి గడువు తీరుతుంది, దాన్ని మళ్లీ అయిదేళ్లకు వేస్తారు. 'పదిహేను లక్షలూ ఒకేసారి వేస్తే ఒకే రోజు వడ్డీకి నా బతుకంతా కట్టుబడిపోతుంది కదండీ' అన్నారు. ఆ ఏప్రిల్‌లో ఆయనకు తగ్గింది అయిదో వంతు మీదనే. మిగిలిన నాలుగు పాత వడ్డీనే తెస్తున్నాయి. 2023 నాటికి సీనియర్ స్కీము వడ్డీ 8.2 శాతానికి ఎక్కింది, పెట్టుబడి హద్దు ముప్ఫై లక్షలకు పెరిగింది. ఆయన 2023 కవరు అప్పటికి సరిగ్గా విప్పడానికి వచ్చింది. కవరు మీద పెన్సిలు ఎందుకంటే, తీరాక చెరిపి కొత్త సంవత్సరం రాసుకోవడానికి. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు ఏ పెద్ద పుస్తకంలోనూ కనబడలేదు.

డిపాజిట్లలోనే అంతా ఉంచడమూ చాలదు. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంటే పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. అరవయ్యో ఏట నెలకు ముప్ఫై వేలతో గడిచే ఇంటికి డెబ్బై రెండో ఏట అరవై వేలు, ఎనభై నాలుగో ఏట లక్షా ఇరవై వేలు కావాలి. మన అమ్మలు ఎనభై నాలుగు దాటి హాయిగా బతుకుతున్నారు. అందుకే ముట్టుకోని ఆ విత్తనపు కుండ ప్రతి ఇంట్లోనూ ఉండాలంటున్నాను.

అప్పు సంగతికి వస్తాను. మాంద్యంలో ధరలు దిగుతాయి, ఆదాయం దిగుతుంది, కిస్తీ దిగదు. 1930లో ప్రోనోటు, ఇప్పుడు ఇంటి లోను. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు కిస్తీలకు మూడు నెలల విరామం ఇచ్చింది, తర్వాత ఆగస్టు చివరి దాకా పొడిగించింది. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. వడ్డీ నడుస్తూనే ఉంది, అసలుకు చేరుతూనే ఉంది. పదిహేనేళ్లు మిగిలిన ముప్ఫై లక్షల ఇంటి లోనుకు మూడు నెలలు ఆపితే అదనంగా పడే వడ్డీ సుమారు 2.34 లక్షలని, అంటే ఎనిమిది కిస్తీలంతని స్టేట్ బ్యాంకు అప్పుడే లెక్కగట్టి చెప్పింది. జీతం నిజంగా ఆగిపోయినవాడికి ఆ విరామం ప్రాణం నిలిపింది, వాడుకోవలసిందే. చేతిలో డబ్బుండీ వాడుకున్నవాళ్లు మాత్రం ఊరికే నష్టపోయారు. రిటైరయ్యేనాటికి ఇంటి లోను మిగలకూడదు. మిగిలితే, వచ్చిన గ్రాట్యుటీలో ముందు దాన్నే తీర్చండి. తీరిన అప్పు మీద మిగిలే వడ్డీ ఖాయం, దానికి పన్ను లేదు.

బంగారం తాకట్టు మన ఇళ్లలో మొదటి ఆసరా. ఆడవాళ్లు దాన్ని ఆపద కోసమే కూడబెడతారు, ఆ తెలివికి నేను దండం పెడతాను. ఒక్క జాగ్రత్త. 2020 ఆగస్టులో బంగారం ధర బాగా ఎక్కి ఉన్నప్పుడు, బ్యాంకులు దాని విలువలో నూటికి తొంభై దాకా అప్పివ్వవచ్చని రిజర్వు బ్యాంకు తాత్కాలికంగా అనుమతించింది, అంతకుముందు డెబ్బై అయిదే. ఆ శిఖరం మీద తొంభై తీసుకున్నవాళ్లకు మరుసటి మార్చికల్లా ధర దిగింది. గొలుసు విలువ కన్నా అప్పు ఎక్కువై, నోటీసులు, వేలాలు. ఇచ్చేంత తీసుకోకుండా, కావలసినంతే తీసుకుంటే గొలుసు తిరిగి మెడలోకి వస్తుంది. చీటీలకూ ఇదే న్యాయం. రిజిస్ట్రారు అనుమతి ఉన్న చీటీ మధ్యతరగతికి మంచి సాధనమే, నేను కూడా వేశాను. గడ్డు రోజుల్లో పాట పోటీ పెరుగుతుంది, అవసరమున్నవాడు పెద్ద తగ్గింపుకు పాడుకుంటాడు. నలభై శాతం దాకా వదులుకుని తీసుకున్న డబ్బు ఎంత ఖరీదైన అప్పో కాగితం మీద లెక్క వేసుకోవాలి. వీధిలో నోటిమాట మీద నడిచే చీటీ జోలికి అసలు పోవద్దు.

వడ్డీలు దిగిన ప్రతిసారీ ఇంకొకటి జరుగుతుంది. ఎక్కువిస్తామనేవాళ్లు బయల్దేరుతారు. ప్రభుత్వ పథకం ఏడిస్తే పన్నెండు, బ్యాంకు ఆరిస్తే పద్దెనిమిది. 2001 ప్రాంతంలో హైదరాబాదులో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు క్యూల్లో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. 2001 జూలైలోనే, ప్రభుత్వానిదన్న నమ్మకంతో దేశమంతా కొన్న యూనిట్ ట్రస్టు యూఎస్-64 అమ్మకాలు, తిరుగు కొనుగోళ్లు ఆరునెలల పాటు నిలిచిపోయాయి. తర్వాతి దశాబ్దంలో అగ్రిగోల్డ్ వంతు వచ్చింది. స్థలం ఇస్తామన్న మాట మీద లక్షల ఇళ్ల పొదుపు అందులో ఇరుక్కుంది. అది కట్టించుకున్న ఏజెంట్లు కూడా ఆ ఊరి వాళ్లే, చాలామంది ముఖం చూపలేక ఊళ్లు వదిలారు. బ్యాంకు డిపాజిట్లకైతే ఒక హద్దు దాకా రక్షణ ఉంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన తర్వాత ఈ దేశంలో డిపాజిట్ బీమా వచ్చింది. 1962 జనవరి 1న మొదలైనప్పుడు ఒక్కొక్కరికి రక్షణ 1,500 రూపాయలు. 1993లో లక్ష అయింది, 2020 ఫిబ్రవరి 4 నుంచి అయిదు లక్షలు. ఒక బ్యాంకులో ఒక మనిషికి, అసలూ వడ్డీ కలిపి. అంతకు మించి ఉంటే రెండో బ్యాంకు చూసుకోండి. ఇద్దరు భార్యాభర్తలు, రెండు బ్యాంకులు అనుకుంటే ఇరవై లక్షల దాకా నిశ్చింత.

ఇక ఈ హాల్లో లేని మనుషుల గురించి. పొదుపు చేయండని చెప్పడం తేలిక. 2020 మార్చి చివర ప్రభుత్వం ప్రావిడెంట్ ఫండు నుంచి మూడు నెలల మూలవేతనం, కరువుభత్యం కలిపినంత గానీ, నిల్వలో డెబ్బై అయిదు శాతం గానీ, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చన్నప్పుడు లక్షలాది మంది కార్మికులు తీసుకున్నారు. ముప్ఫయ్యో ఏట తీసిన లక్ష రూపాయలు అక్కడే ఉంటే ఎనిమిది శాతం చొప్పున యాభై ఎనిమిదో ఏటికి ఎనిమిదిన్నర లక్షలు దాటేది. ఆ లెక్క వాళ్లకు తెలియక కాదు. పిల్లవాడికి పాలు కొనాలి. వాళ్లకు గాదె లేదు కాబట్టి విత్తనం తిన్నారు. తప్పు వాళ్లది కాదని ఈ వేదిక మీద గట్టిగా చెప్పదలచుకున్నాను.

ప్రైవేటు ఉద్యోగికి ఈపీఎస్ పింఛను లెక్క చూడండి. జీతం ఎంతైనా సాధారణంగా పదిహేను వేలకే లెక్క, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి డెబ్బైతో భాగించాలి. ముప్ఫై ఏళ్లు చెమటోడ్చినవాడికి కూడా నెలకు ఏడు వేలు రావు. కనీస పింఛను 2014 నుంచి వెయ్యి. వెయ్యి రూపాయలు నెలకు మందులకైనా చాలవు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులు కాంట్రిబ్యూటరీ పింఛనులోకి వెళ్లారు. వాళ్ల ముసలితనం ఎలా ఉంటుందో వాళ్లు రిటైరయ్యే సంవత్సరపు బజారు మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఒకే జీతం, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరిలో ఒకరు మంచి ఏడాదిలో, ఒకరు చెడ్డ ఏడాదిలో దిగితే వాళ్ల పింఛన్లు వేరవుతాయి. అది మనిషి జాగ్రత్తతో తీరే సమస్య కాదు. నష్టాన్ని తరాల మీద పంచుకోగలిగింది ప్రభుత్వమొక్కటే. కనీస పింఛను పెంచాలని అడిగేవాళ్ల పక్కన పింఛనుదారుల సంఘాలుగా మనం నిలబడాలి. మనకు దొరికింది వాళ్లకు దొరకలేదు. అలాగే నలభై లోపు వయసున్నవాళ్లు మీ ఇంట్లో పనిచేస్తుంటే, వాళ్లను అటల్ పెన్షన్ యోజనలో చేర్చండి. పద్దెనిమిదో ఏట చేరితే నెలకు 210 రూపాయలతో అరవయ్యో ఏట అయిదు వేల పింఛను వస్తుంది. ఆ 210 మీరు కట్టినా మీకు లోటు రాదు.

పిల్లల గురించి మాట్లాడకపోతే ఈ ఉపన్యాసం పూర్తికాదు. రిటైర్మెంటు సన్మానం నాడు కప్పిన శాలువా మడత నలగక ముందే గ్రాట్యుటీ మీద ఇంట్లో చర్చ మొదలవుతుంది. అబ్బాయి ఫ్లాటుకు అడ్వాన్సు, అల్లుడి వ్యాపారం. ఇవ్వొద్దని నేను చెప్పను, మన ఇళ్లు అలా నడవవు. గాదె, పురి నింపుకుని ఆ తర్వాత మిగిలిందే ఇవ్వండి. అమెరికాలో ఉన్న అబ్బాయి నెలనెలా పంపుతున్నాడు కదా అని ధీమాగా ఉన్నవాళ్లకు ఒక మాట. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజులే గడువు. 2022 చివర, 2023లో పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు ఆ అరవై రోజులు లెక్కపెట్టిన తెలుగు ఇళ్లు మన పేటల్లోనూ ఉన్నాయి. అక్కడ రిటైర్మెంటుకు దాచిన 401(కె) డబ్బు యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకుండా తీస్తే సాధారణంగా పన్ను పైన పది శాతం జరిమానా. అలాంటి నెలలో మన మనియార్డరు కోసం వాడు ఆ డబ్బు తీయవలసిన స్థితి రాకూడదు. రంగూన్ మనియార్డరు కోసం ఎదురుచూసిన తల్లులకు ఇంకో దారి లేదు. మనకు ఉంది.

చివరగా నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ బాధపెట్టినది చెప్పి ముగిస్తాను. 2021 మే నెలలో, రెండో విడత కరోనాలో, ఒకావిడ బ్యాంకుకు వచ్చింది. భర్త పోయి పదకొండు రోజులు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కరెంటు బిల్లులు, పాత పాసుపుస్తకం, రెండు బీమా రసీదులు, ఎవరిదో విజిటింగు కార్డు. 'ఇందులో ఏది డబ్బో చూసి చెప్పండి బాబూ' అంది. ఆయన జాగ్రత్తగల మనిషే, మా దగ్గర డిపాజిట్లు ఉన్నాయి. వాటిలో రెండింటికి నామినీ లేదు. ఒకదానికి నామినీ ఆయన తల్లి, ఆవిడ పోయి పదేళ్లు. కాగితాలు తేలి డబ్బు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆవిడ గాజులు తాకట్టు పెట్టి గడిపింది. ఇంట్లో డబ్బుండగానే.

ఇప్పుడు బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, 2025 నవంబరు 1 నుంచి ఆ వీలు వచ్చింది. ఇవాళ ఇంటికి వెళ్లి ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ బ్యాంకులో ఎంత ఉంది, ఏ సంవత్సరం గడువు తీరుతుంది, నామినీ ఎవరు, అప్పు ఎవరికివ్వాలి, మనకెవరు ఇవ్వాలి, అన్నీ ఒక వైపున రాయండి. పెన్సిలుతోనే రాయండి. రాసి మీ ఆవిడ చేతికివ్వండి, ఆవిడ రాస్తే మీకివ్వమనండి. ఆవిడ దాన్ని ఒకసారి పైకి చదివి మీకు వినిపించాలి. అంతవరకు పడుకోకండి.